డిసెంబర్ 1 ర్యాలీతో పాటు ఏం చేయాలి: విశాఖలో ఎయిడ్స్ ప్రచారం చేయాలనుకునే యువజన సంఘానికి సమాధానం

మీరు అడిగింది ఇది. గాజువాకలోని మీ యువజన సంఘం తరఫున డిసెంబర్ 1న, ప్రపంచ ఎయిడ్స్ దినోత్సవం రోజున, ఆర్కే బీచ్‌లో ర్యాలీ తీసి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే రక్తదాన శిబిరం పెట్టాలనుకుంటున్నారు. చందాలు కొంత పోగయ్యాయి. జనంలో అవగాహన, మద్దతు నిజంగా పెరగాలంటే ఇంకేం చేయాలని మీ ప్రశ్న. నేను ఈ ఊళ్ళో హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో, ఆ తర్వాత ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్ఐవీ మందులు ఇచ్చే కేంద్రంలో, కౌన్సెలర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు ఫీల్డులో తిరిగే కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు రక్తదాన శిబిరం సంగతి చెప్పేస్తాను. ఎయిడ్స్ దినోత్సవం పేరుతో దయచేసి అది పెట్టకండి. రక్తదానం మంచి పని, వేరే రోజు తప్పకుండా పెట్టుకోండి. తనకేమైనా ఉందేమోనని లోపల అనుమానం ఉన్న మనిషి పరీక్షా కేంద్రానికి వెళ్ళడానికి మొహమాటపడతాడు. "రక్తం ఇస్తే వాళ్ళే టెస్టు చేస్తారు కదా, ఏదైనా ఉంటే ఫోన్ చేస్తారు" అనుకుని శిబిరంలో లైన్లో నిలబడతాడు. ఇలా చేశామని నా ముందు కూర్చుని చెప్పినవాళ్ళున్నారు. వైరస్ ఒంట్లోకి వచ్చిన వెంటనే పరీక్షలో కనబడదు, కొన్ని వారాలు పడుతుంది. మూడు నెలలు దాటాక చేసిన పరీక్షలో నెగటివ్ వస్తేనే ఆ అనుమానం తీరినట్టు. ఆ మధ్య రోజుల్లో ఇచ్చిన రక్తం, బ్లడ్ బ్యాంకు ఎంత జాగ్రత్తగా పరీక్షించినా, తప్పిపోయే అవకాశం కొద్దిగా మిగిలే ఉంటుంది. ఆ సీసా ఎక్కేది కాన్పయిన ఆడమనిషికో, తలసీమియా ఉన్న పిల్లాడికో. ఎయిడ్స్ బ్యానర్ కింద రక్తదానం పెడితే సరిగ్గా అలాంటి అనుమానం ఉన్నవాళ్ళనే మనం పిలిచినట్టవుతుంది. ఎప్పుడు శిబిరం పెట్టినా మైకులో ఒక మాట చెప్పించండి: "పరీక్ష కోసం రక్తం ఇవ్వకండి, పరీక్ష ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రం ఐసీటీసీలో ఉచితం, వివరాలు బయటకు రావు."

ఇక అసలు విషయం. మన రాష్ట్రంలో ఎయిడ్స్ అనే పేరు తెలియనివాళ్ళు దాదాపు లేరు. 2003 ప్రాంతంలో "పుల్లిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అనే హోర్డింగులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా పెట్టారు. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు గానీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, ఇప్పటికీ గుర్తుంటుంది. జనం చేత ఆ మాట నలుగురిలో పలికించిన ప్రచారం అది. ఆ రోజుల్లో పేదవాడికి వైద్యం అందుబాటులో లేదు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అంతకుముందు ప్రచారం చేసేవాళ్ళకు చెప్పడానికి ఉన్నది ఒక్కటే: జాగ్రత్తగా ఉండండి, వస్తే చచ్చిపోతారు. అందుకే పోస్టర్ల మీద పుర్రెలు, ఎముకల గూళ్ళు, నల్ల రంగు. మందులు వచ్చి రెండు దశాబ్దాలు దాటినా మనవాళ్ళు వేసే ఫ్లెక్సీలు అక్కడే ఆగిపోయాయి. గత ఏడాది కూడా నేను ఒక కాలేజీ గేటు దగ్గర "ఎయిడ్స్ = మరణం" అని చూశాను. ఆ ఫ్లెక్సీ పక్కనుంచి రోజూ నడిచే పిల్లల్లో ఎవరి తల్లో, ఎవరి తండ్రో మందులు వాడుతూ బతుకుతున్నవాళ్ళు ఉంటారు. ఏఆర్‌టీ మీద పెరిగిన పిల్లలే ఇప్పుడు డిగ్రీలు చదువుతున్నారు. ఆ రాత వాళ్ళకు ఏం చెబుతుందో ఆలోచించండి.

భయపెడితే జనం జాగ్రత్త పడతారని చాలామంది నమ్మకం. నాకు పరీక్షా గదిలో కనబడింది వేరు. భయపడినవాడు ఆ గదికి రాడు. దగ్గు పట్టుకుని, బరువు తగ్గి, ఊరంతా తిరిగి, ప్రైవేటులో డబ్బంతా ఖర్చుపెట్టి, ఆఖరికి టీబీ అని తేలాక, టీబీ విభాగంవాళ్ళు అందరికీ హెచ్ఐవీ పరీక్ష కూడా చేయిస్తారు కాబట్టి అప్పుడు బయటపడుతుంది. వైరస్ వచ్చాక పైకి ఏ లక్షణమూ లేకుండా ఎనిమిది, పదేళ్ళు గడిచిపోవచ్చు. ఆ ఏళ్ళన్నీ భయంతో దాక్కున్న మనిషికి తన పరిస్థితి తెలియదు, భార్యకు తెలియదు. అందుకే మీరు ఏ కార్యక్రమం అనుకున్నా నన్ను అడిగితే ఒకటే కొలత చెబుతాను: దీనివల్ల ఒక మనిషి పరీక్షకు రావడం సులువైందా, కష్టమైందా?

ఆ కొలతతో చూస్తే ఫ్లెక్సీ మీద రాయాల్సింది ఇది. హెచ్ఐవీకి మందు ఉంది. రోజుకు ఒక్క మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిపిన మాత్ర అది. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితం, మన ఊళ్ళో కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఇస్తారు. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ అని తేలిన ప్రతివాళ్ళకూ, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా, మందు మొదలుపెడుతున్నారు. రోజూ మానకుండా వేసుకుంటే కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. దాన్నే వైరల్ లోడ్ పరీక్షలో చూస్తారు. అలా దొరకనంత తగ్గి, అలాగే కొనసాగుతున్న మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి హెచ్ఐవీ సోకదు. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట అనుకోకండి. యూరప్‌లో పార్టనర్ అనే అధ్యయనంలో ఒకరికి హెచ్ఐవీ ఉండి, ఇంకొకరికి లేని దాదాపు 900 జంటలను కొన్నేళ్ళు గమనించారు. వాళ్ళు కండోమ్ లేకుండా కలిసి ఉన్నా, మందు సరిగ్గా వాడుతున్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదని 2016లో ప్రకటించారు. 2019లో వచ్చిన రెండో విడత ఫలితమూ అదే.

ఈ సంగతి నేను శిక్షణలో చెప్పినప్పుడు ఆశా కార్యకర్తలు కూడా "నిజమా మేడమ్?" అని అడుగుతారు. ఆరోగ్య శాఖలో పనిచేసేవాళ్ళకే కొత్తగా ఉంటే బయట జనానికి ఎంత తెలుసో ఊహించండి. మీ చందాలో ఒక్క ఫ్లెక్సీకే డబ్బు మిగిలితే దాని మీద ఈ ముక్క రాయించండి, కింద 1097 నంబరు వేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, ఫోన్ ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు.

తల్లి నుంచి బిడ్డకు సోకడం గురించీ రాయండి. ఏ చికిత్సా లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే ప్రమాదం ఉంటుంది. గర్భం మొదట్లోనే తెలిసి తల్లి మందు వాడి, పుట్టగానే బిడ్డకు కూడా మందు వేస్తే అది 5 శాతం లోపుకు, ఇంకా తక్కువకు కూడా వస్తుంది. బిడ్డకు ఆరు వారాలప్పుడు మొదటి పరీక్ష, 18 నెలలకు ఆఖరి పరీక్ష. ఆ పద్దెనిమిదో నెల రిపోర్టు నెగటివ్ అని చదివి వినిపించిన రోజులు నా ఉద్యోగంలో నాకు దక్కిన గొప్ప రోజులు. మన దగ్గర గర్భిణులందరికీ ఈ పరీక్ష చేస్తున్నారు కాబట్టి చాలా ఇళ్ళలో విషయం ముందు భార్యకే తెలుస్తుంది. ఆమెకు చాలాసార్లు భర్త నుంచే వచ్చి ఉంటుంది, నింద మాత్రం ఆమె మీద పడుతుంది. అందుకని మీ ప్రచారం మగవాళ్ళను ఉద్దేశించి ఉండాలని గట్టిగా చెబుతున్నాను. ఆడవాళ్ళను పరీక్షకు తేవడానికి ఒక ఏర్పాటు ఉంది. మగవాడికి ఒంట్లో బాగోకపోతే తప్ప ఆసుపత్రి గడప తొక్కే పని లేదు.

ఇక ఎక్కడ చేయాలి అన్నది. బీచ్‌లో ర్యాలీ చేయొద్దని అనను, పేపర్లో ఫోటో వస్తుంది, మీ పిల్లలకు ఉత్సాహం వస్తుంది. కానీ ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వచ్చేది మొక్కజొన్న పొత్తు తినడానికి, పిల్లలను నీళ్ళలో ఆడించడానికి. పాంప్లెట్ తీసుకుంటారు, నాలుగడుగులు వేసి పారేస్తారు. సింహాచలం గిరి ప్రదక్షిణలో లక్షల మంది నడుస్తారు కదా, అక్కడ స్టాల్ పెడదామని కూడా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. 32 కిలోమీటర్లు నడుస్తున్న మనిషికి మంచినీళ్ళు, మజ్జిగ ఇవ్వండి చాలు. ఈ మాట వినే మనఃస్థితి అక్కడ ఉండదు. జనం ఎక్కువ ఉన్నచోటు కంటే జనం ఖాళీగా కూర్చున్నచోటు వెతకండి.

మీరున్న గాజువాకలోనే అలాంటి చోటు ఉంది. ఆటోనగర్. లోడు దించి, మళ్ళీ లోడు దొరికేదాకా లారీ డ్రైవర్లు, క్లీనర్లు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అక్కడే ఉంటారు. వాళ్ళలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. తెలుగు పాంప్లెట్ వాళ్ళకు కాగితం ముక్క. హిందీ, ఒడియా మాట్లాడగలిగే ఇద్దరు కుర్రాళ్ళను మీ సంఘంలో వెతకండి. స్టీల్ ప్లాంట్, పోర్టు పక్కనే ఉన్న ప్రాంతంలో ఒడియా వచ్చినవాళ్ళు దొరక్కపోరు. మాట్లాడాల్సింది సాయంత్రం ఆరు దాటాక, టీ కొట్టు దగ్గర, ఒక్కొక్కరితో. ఉపన్యాసం వద్దు. ఆ టీ కొట్టు యజమాని, పంక్చర్ షాపు అతను ఒప్పుకుంటే నిరోధ్ (కండోమ్) ప్యాకెట్లు వాళ్ళ దగ్గర పెట్టించండి. అడగాల్సిన అవసరం లేకుండా చెయ్యి చాపితే అందే చోట డబ్బా పెట్టాలి. కౌంటర్ వెనక పెడితే ఒక్కటీ కదలదు.

రెండోది ఫిషింగ్ హార్బర్. డిసెంబర్‌లో బోట్లు వేటకు పోతుంటాయి, మనుషులు దొరకరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అప్పుడు మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. కలాసీలు (బోటు కార్మికులు) బోట్ల నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పుకుంటారు. గుజరాత్‌లోని వెరావల్ వైపు వేటకు పోయే ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో చాలామంది కూడా ఎండాకాలానికి ఊరు చేరతారు. నా దృష్టిలో విశాఖలో ఎయిడ్స్ ప్రచారానికి ఏడాది మొత్తంలో అంతకన్నా మంచి రోజులు లేవు. అయినా ఆ రెండు నెలల్లో ఒక్క సంఘం కూడా అటు రాదు, ఎందుకంటే డిసెంబర్ 1 కాదు కదా.

అక్కడ ఒక ఎండాకాలం పొద్దున వలల మధ్య కూర్చుని మాట్లాడుతుంటే, ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దావిడ అందరూ లేచి వెళ్ళాక దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"తల్లీ, మా ఆయన ఏడాదిలో ఎనిమిది నెల్లు బయటే ఉంటాడు. సూయించుకోమంటే నన్ను అనుమానిత్తన్నావా అని కోపం. ఎలగ సెప్పాల?"

"అతన్ని ఒక్కణ్ణీ వెళ్ళమనకమ్మా. ఇద్దరం చూపించుకుందాం, ముందు నేనే చేయించుకుంటాను అని చెప్పు."

"ఎవులికీ సెప్పరు కదా?"

"మీ ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పం. చెబితే చట్ట ప్రకారం మాదే తప్పు."

ఆమె ఏం చేసిందనేది ఇక్కడ రాయను, అది ఆమె సొంత విషయం. కానీ ఆ రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి: ఎలా చెప్పాలి, ఎవరికీ చెప్పరు కదా. జనానికి కావలసిన అవగాహన అంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. ఏ స్లోగన్ దగ్గరా వాటికి జవాబు ఉండదు. మీ వలంటీర్లకు వీటికి జవాబు చెప్పడం నేర్పండి.

కాలేజీల గురించి. చాలా కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు, అంటే ఎయిడ్స్ అవగాహన కోసం విద్యార్థులు నడిపే క్లబ్బులు ఉన్నాయి, వాటితో కలిసి చేయండి. వ్యాసరచన, ముగ్గుల పోటీలు కాకుండా ఒక అట్టపెట్టె పెట్టించండి. పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న వేయమనండి, వారం తర్వాత తెలిసిన డాక్టరునో, కౌన్సెలర్‌నో పిలిచి అన్ని చీటీలూ చదివి జవాబు చెప్పించండి. దోమ కుడితే వస్తుందా, ముద్దు పెట్టుకుంటే వస్తుందా అనేవి ఎలాగూ వస్తాయి. హెచ్ఐవీ అలా రాదు అని చెప్పి ముందుకు పోవచ్చు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాసినవి చూడండి, వాటికి సమయం ఇవ్వండి. "నెల కిందట ఒకసారి జరిగింది, ఇప్పుడు టెస్టు చేయించుకుంటే తెలుస్తుందా?" అని ఒకరు రాస్తారు. ఇప్పుడొకసారి చేయించుకుని, మూడు నెలలు దాటాక మళ్ళీ చేయించుకోవాలన్నది దానికి జవాబు. "అబ్బాయిలతో వెళ్ళే అబ్బాయిని, నాకు ఎవరు చెబుతారు?" అని ఒకరు రాయొచ్చు. ఆ చీటీ చదివేటప్పుడు హాలులో ఎవరైనా నవ్వితే అక్కడే ఆపి మాట్లాడాలి. లేకపోతే ఆ పిల్లాడు ఇక ఎప్పటికీ అడగడు. మత్తు ఇంజెక్షన్ల గురించి కూడా ఇప్పుడు దాచకుండా మాట్లాడాల్సిందే. నగరంలో పోలీసులు వాటిని పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. ఒకే సూది ఇద్దరు ముగ్గురు వాడటం హెచ్ఐవీ చాలా సులువుగా పాకే దారి. ఇంకో జాగ్రత్త: 18 ఏళ్ళ లోపు పిల్లలకు పరీక్ష చేయాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం కావాలి. ఇంటర్ కాలేజీలో పరీక్షల క్యాంపు పెట్టి ఇబ్బందుల్లో పడకండి.

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పారిశుద్ధ్య కార్మికుల గురించి ఎవరూ తలుచుకోరు. చెత్తలో వాడి పారేసిన సిరంజిలు వస్తాయి, చేతికి గుచ్చుకుంటాయి. అప్పుడు సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడుక్కుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. సోకకుండా ఆపే మందుల కోర్సు ఉంది. వీలైతే మొదటి రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపల మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. వేలు నోట్లో పెట్టుకుని పీల్చడం, పిండడం చేయకూడదు. అత్యాచారానికి గురైన ఆడవాళ్ళకూ ఇదే మందు, ఇదే గడువు. ఈ 72 గంటల సంగతి కార్డు ముక్క మీద అచ్చు వేయించి, తెల్లవారుజామున హాజరు వేసే మస్టర్ దగ్గర కార్మికుల చేతికి ఇవ్వండి. అదొక్కటి చేసినా మీ చందా సార్థకం.

ఇప్పుడు పరీక్షల క్యాంపు. ఇది మీరు సొంతంగా పెట్టేది కాదు. జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగం ద్వారా, శిక్షణ పొందిన కౌన్సెలర్, ల్యాబ్ టెక్నీషియన్ వచ్చి చేయాలి. పరీక్షకు ముందు మాట్లాడాలి, అంగీకారం తీసుకోవాలి, తర్వాత కూడా మాట్లాడాలి. క్యాంపులో చేసేది వేలి చుక్కతో మొదటి పరీక్ష మాత్రమే. అందులో తేడా వచ్చినా "నీకు హెచ్ఐవీ ఉంది" అని ఎవరూ అనకూడదు. ఐసీటీసీలో వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేసి నిర్ధారిస్తారు. ఆ మనిషి వెంట ఐసీటీసీ దాకా వెళ్ళే బాధ్యత కౌన్సెలర్‌కో, పీర్ ఎడ్యుకేటర్‌కో (వాళ్ళలోంచే వచ్చి శిక్షణ పొందిన కార్యకర్త) ముందే అప్పగించాలి. క్యాంపుకీ ఐసీటీసీకీ మధ్య ఆటో ఎక్కే ఆ అరగంటలోనే చాలామంది తప్పిపోతారు.

"హెచ్ఐవీ పరీక్షా శిబిరం" అని పెద్ద అక్షరాలతో టెంటు వేస్తే పేటలో ఒక్కరూ లోపలికి రారు. బీపీ, షుగర్, టీబీ లక్షణాలు, హెచ్ఐవీ అన్నీ ఒకే చోట చూసే ఆరోగ్య శిబిరంగా పెట్టండి. అలాగని షుగర్ కోసం తీసిన రక్తంతో చెప్పకుండా హెచ్ఐవీ పరీక్ష చేయడం తప్పు, చట్ట విరుద్ధం కూడా. అడిగి, ఒప్పుకున్నాకే. కౌన్సెలర్ కూర్చునే చోటుకు మూడు వైపులా గుడ్డ కట్టండి, మాట బయటకు వినబడకూడదు. రిపోర్టు అందరికీ ఒకే రకం కవరులో, ఒకే చోట, కౌన్సెలర్ చేత్తోనే ఇప్పించండి. ఒకరితో ఐదు నిమిషాలు, ఇంకొకరితో అరగంట మాట్లాడితే బయట కూర్చున్నవాళ్ళు లెక్క వేస్తారు. అందుకని నెగటివ్ వచ్చినవాళ్ళతో కూడా తీరిగ్గా మాట్లాడమని కౌన్సెలర్‌ను అడగండి. ఫోటోలు మాత్రం అసలు వద్దు, మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడానికి కూడా.

మీరు రెండో మాటగా "మద్దతు" అన్నారు. కొవ్వొత్తుల వెలుగులో ప్రతిజ్ఞ చదివితే మద్దతు అయిపోదు. ఒక్క విషయం చెబుతాను. ఏఆర్‌టీ సెంటర్‌లో నెలకు సరిపడా మాత్రలు ప్లాస్టిక్ డబ్బాలో ఇస్తారు. డబ్బా చేతికి అందగానే కొందరు గేటు దాటకముందే చెట్టు కింద నిలబడి లేబుల్ గోటితో గీకేస్తారు. కొందరు డబ్బాలో దూది కుక్కుతారు, బస్సులో సంచి కదిలినప్పుడు మాత్రలు గలగలమంటే పక్కవాళ్ళు ఏమిటని అడుగుతారేమోనని. పాడేరు నుంచి వచ్చే ఒకామె మాత్రలన్నీ విటమిన్ల సీసాలో పోసుకుని వెళ్ళేది. మందు తేమ తగిలి పాడవుతుందని నేను చెబితే, "తెలుసమ్మా, కానీ అత్తగారింట్లో ఆ డబ్బా కనబడితే నేనే పాడవుతాను" అంది. మందు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వం ఉంది, పనిచేసే మందు ఉంది. డబ్బాను అల్మరాలో బీపీ మాత్రల పక్కన పెట్టుకునే ఇల్లు లేదు. మద్దతు అంటే ఆ ఇల్లు తయారవడం. అది మీ ఇంటి నుంచి, మీ అపార్ట్‌మెంట్ నుంచి మొదలవ్వాలి.

దానికి చట్టం కూడా మీ వైపు ఉంది. 2017లో పార్లమెంటు హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం చేసింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. హెచ్ఐవీ ఉందని ఉద్యోగం నుంచి తీసేయడం, బడిలో చేర్చుకోకపోవడం, వైద్యం నిరాకరించడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం ఇవన్నీ ఆ చట్టం కింద వివక్షే. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ మీద ద్వేషం రెచ్చగొడితే మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఫిర్యాదు చేయడానికి రాష్ట్ర స్థాయిలో అంబుడ్స్‌మన్ వ్యవస్థ ఉంది. వంద మంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆసుపత్రులైతే ఇరవై మంది ఉన్నా చాలు. గాజువాక, పెదగంట్యాడ, పరవాడ చుట్టూ ఎన్ని ఫ్యాక్టరీలు, ఎన్ని కాంట్రాక్టు కంపెనీలు ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. మీ సంఘంలో అక్కడ పనిచేసే ప్రతి సభ్యుడూ వాళ్ళ హెచ్ఆర్‌కు ఒక కాగితం పెట్టి, ఆ అధికారి ఎవరో నోటీసు బోర్డులో వేయమని అడిగితే, అది పది ర్యాలీలకు మించిన పని.

చందా డబ్బు గురించి కూడా అడిగారు. టీషర్టులు, ఎర్ర రిబ్బన్లు తగ్గించండి. మందు ఉచితమే కానీ సెంటర్‌కు వచ్చిపోయే బస్సు ఛార్జీ, పోయిన ఆ రోజు కూలి ఉచితం కాదు. మందు మానేసినవాళ్ళను ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పేది అదే. రాష్ట్ర ప్రభుత్వం ఏఆర్‌టీ వాడేవాళ్ళకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. దానికి దరఖాస్తు చేసుకోవడం తెలియనివాళ్ళు, సచివాలయంలో తెలిసినవాళ్ళు ఉంటారని జంకేవాళ్ళు ఉన్నారు. మీరు నేరుగా ఎవరి పేర్లూ అడగకండి, ఎవరింటికీ పోకండి. హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ళు తామే నడుపుకునే సంఘాలు ఉన్నాయి, ఏఆర్‌టీ సెంటర్‌లో అడిగితే చెబుతారు. ప్రయాణ ఖర్చులకు, పిల్లల పుస్తకాలకు ఆ సంఘం చేతికి డబ్బు ఇవ్వండి, ఎవరికిచ్చారని పేర్ల జాబితా అడగకండి. కార్యక్రమం ఎలా ఉండాలో కూడా ముందు వాళ్ళనే అడగండి. వాళ్ళలో ఒకరిని వేదిక ఎక్కించి "మీ కథ చెప్పండి" అనడం మాత్రం వద్దు. తనంతట తాను మాట్లాడతానంటే అది వేరు. అప్పుడు కూడా మర్నాడు యూట్యూబ్‌లో కనబడుతుందని ముందే చెప్పి, ఇంట్లో పిల్లల సంగతి ఆలోచించుకోమనండి.

కళాజాత పెట్టాలనుకుంటే తప్పెటగుళ్ళు, జముకుల కథ కళాకారులు మన ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు, వాళ్ళకు పని దొరుకుతుంది, పేటల్లో జనం కూర్చుని చూస్తారు. కథలో భార్యను మోసం చేసినవాడు ఎయిడ్స్‌తో చచ్చిపోవడంతో ముగించకుండా, మందు వాడుతూ కూతురి పెళ్ళి చేసేదాకా నడిపించమని చెప్పండి. కొత్తగా ఉంటుంది, నిజం కూడా అదే.

దేశంలో పెద్దవాళ్ళలో హెచ్ఐవీ ఉన్నవారు సుమారు 0.2 శాతం అని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) అంచనాలు చెబుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది దానికి మూడు రెట్లు. కొత్తగా సోకేవాళ్ళ సంఖ్య ముందుతో పోలిస్తే బాగా తగ్గింది, తగ్గేకొద్దీ జనం దీన్ని మర్చిపోతున్నారు. మీలాంటి కుర్రాళ్ళు ముందుకు రావడం నాకు నిజంగా సంతోషం.

చివరగా తేదీ సంగతి. డిసెంబర్ 1న ప్రతి కాలేజీ, ప్రతి క్లబ్బు కౌన్సెలర్లనే అడుగుతుంది, ఉన్న కొద్దిమంది ఊరంతా పరుగులు పెడతారు. మీ ర్యాలీ ఆ రోజే పెట్టుకోండి, ఆటోనగర్ ఆరోగ్య శిబిరం మాత్రం డిసెంబర్ రెండో వారంలో ఒక సాయంత్రానికి అడగండి. మూడు వారాల ముందే జిల్లా విభాగానికి సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇవ్వండి. చోటు, సమయం, సుమారు ఎంతమంది రావచ్చు, హిందీ, ఒడియా తెలిసిన వలంటీర్లు ఉన్నారా లేదా అన్నవి అందులో రాయండి. హార్బర్ కోసం ఇంకో ఉత్తరం మార్చిలో, వేట నిషేధం మొదలవకముందే పెట్టండి, బోటు యజమానుల సంఘంతో కూడా అప్పుడే మాట్లాడుకోండి.